ఉయ్యాల చీర కుట్టిన వానాకాలం

మా మనవరాలు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. మొన్న కాలేజీలో ట్రెడిషనల్ డే అని ఆన్‌లైన్‌లో ఒక చేతిసంచి తెప్పించుకుంది. ఎర్రగుడ్డ మీద గుండ్రటి అద్దాలు, అంచుకి గవ్వలు, మధ్యలో పసుపూ ఆకుపచ్చా దారాలు. అట్టపెట్టె విప్పి, సంచి భుజానికి తగిలించుకుని, బాత్రూం అద్దంలో చూసుకుని వచ్చి, సోఫాలో పడేసింది. నేను దాన్ని తీసుకుని లోపలివైపు బయటికి తిప్పాను.

"ఏం చూస్తున్నావు అమ్మమ్మా?"

"వెనకవైపు."

"వెనక ఏముంటుంది?"

వెనక దారాలు చిక్కుపడి ఉన్నాయి. అద్దాలు కుట్టినవి కావు, జిగురుతో అంటించినవి. మిషను మీద చేసిందని చెప్పాను. నీకెలా తెలుసంది. ఇది మన కుట్టే కదా అన్నాను.

అది నావంక వింతగా చూసింది. మేం లంబాడీలమని దానికి తెలుసు. సీటు కోసం పెట్టిన సర్టిఫికెట్‌లో రాసి ఉంది. అంతకు మించి ఏమీ తెలియదు. అందులో దాని తప్పేం లేదు, నేనెప్పుడూ చెప్పలేదు. వాళ్ళమ్మకీ చెప్పలేదు. దాచాలని కాదు. విజయవాడలో అపార్టుమెంటులో ఉంటూ, కరెంటు బిల్లులూ పిల్లల ట్యూషన్లూ చూసుకుంటూ, ఆ సంగతి ఎత్తాల్సిన సందర్భం రాలేదు. ఆ రోజు దానికి కొంత చెప్పాను. మిగతాది రాస్తున్నాను.

నాకు పదకొండేళ్ళప్పుడు మేం కొండపల్లి దగ్గర కరెంటు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న అక్కడ హెల్పరు. మా తండాలో నెలజీతం ఉద్యోగం చేసిన మొదటి మనిషి ఆయనే. తండా మైలవరం అవతల, మామిడితోటలు దాటాక ఎర్రమట్టి నేలల్లో ఉండేది. అక్కడ నేను ఆరేళ్ళు పెరిగాను.

క్వార్టర్స్‌లో దిగిన రోజు నాన్న నన్నూ అమ్మనీ కూచోబెట్టి చెప్పాడు. ఇంట్లో మన భాష మాట్లాడొద్దు. అమ్మని యాడీ అని కాదు, అమ్మా అని పిలవాలి. మీదే ఊరని ఎవరైనా అడిగితే మైలవరం అంటే చాలు. ఆయన కోపంగా చెప్పలేదు. వానొచ్చేలా ఉంది, గొడుగు పట్టుకెళ్ళు అన్నట్టు చెప్పాడు. కొత్త ఉద్యోగం, చుట్టూ తెలియని మనుషులు. ఆయన భయం ఇప్పుడు నాకు అర్థమవుతుంది. అప్పుడు నాకు భయం తెలియలేదు కానీ, అలవాటు మాత్రం తొందరగా వచ్చింది. ఏడాది తిరిగేసరికి నాకు కలలు కూడా తెలుగులోనే వచ్చేవి.

అమ్మకి అంత తొందరగా రాలేదు. చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడం పక్కింటి సిస్టర్ గారి దగ్గర నేర్చుకుంది. సిస్టర్ గారు క్వార్టర్స్ డిస్పెన్సరీలో నర్సు. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని చర్చికి వెళ్ళేవారు. అందరినీ "అండీ" అనే పిలిచేవారు, మా ఇంట్లో పిల్లితో సహా.

అమ్మ తండా నుంచి తెచ్చుకున్నది ఒక్కటే, తన పెళ్ళి బట్టలు. ఫేటియా అనే ఎర్రటి కుచ్చుల లంగా, వీపున తాళ్ళతో ముడేసుకునే కాంచళి అనే రవిక. అవి మా నాని, అంటే అమ్మవాళ్ళమ్మ, అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ కూచుని కుట్టినవి. పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చే మనిషి ఒకసారి మా వీధిలోకి వచ్చాడు. "ఎప్పటికైనా కట్టుకుంటావా వాటిని?" అని నాన్న అడిగాడు. అమ్మ ట్రంకుపెట్టె తెరిచి వాటిని తెచ్చి ఇచ్చింది. ఒక పెద్ద స్టీలు బేసినూ రెండు గరిటెలూ వచ్చాయి. చిన్న గరిట నాకు ఆడుకోవడానికిచ్చారు. ఆ రోజంతా నేను చాలా సంతోషంగా ఉన్నాను.

ఆ తర్వాత తమ్ముడు పుట్టాడు. పదకొండు నెలలు ఉన్నాడు. ఎండాకాలం మొదట్లో జ్వరం వచ్చింది, నాలుగో రోజు పోయాడు. దాని గురించి నాకు గుర్తున్నది తక్కువ. ఇంటినిండా చెప్పులు, సిస్టర్ గారు నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళి పెట్టిన పెరుగన్నం, అందులో దానిమ్మ గింజలు. దానిమ్మ గింజలు వేసినందుకు నాకు బాగుంది. అలా బాగున్నందుకు తర్వాత చాలా రోజులు ఎవరికీ చెప్పుకోలేక సిగ్గుపడ్డాను.

మధ్యగదిలో దూలానికున్న కొక్కేనికి తమ్ముడి ఉయ్యాల అలాగే ఉండిపోయింది. అమ్మ పాత నూలు చీరతో కట్టిన ఉయ్యాల, లేత నీలం మీద తెల్లచుక్కలు. దాన్ని ఎవరూ విప్పలేదు. అటూ ఇటూ వెళ్ళేటప్పుడు నాన్నా నేనూ దాన్ని తప్పుకుని నడిచేవాళ్ళం.

అమ్మ మాట్లాడటం మానేసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని సిస్టర్ గారు అనేవారు. పెడితే రెండు ముద్దలు తినేది, లేకపోతే అదీ లేదు. తల దువ్వుకునేది కాదు. రోజంతా వెనకగదిలో గోడవైపు తిరిగి పడుకునేది. రెండు నెలలు అలాగే గడిచాయి. నాన్న పొద్దున వంట చేసి షిఫ్టుకి వెళ్ళేవాడు. ఆయన వండిన పప్పు రోజుకో రుచిగా ఉండేది, ఒక్కరోజూ బాగుండేది కాదు.

ఒక సాయంత్రం సిస్టర్ గారు గుమ్మంలో నిలబడి నాన్నతో అన్నారు.

"అన్నయ్యగారూ, మందులతో అయ్యేది కాదండీ ఇది. వాళ్ళమ్మగారిని పిలిపించండి."

నాన్న నేలవంక చూశాడు. "ఆవిడ ఇక్కడ ఇమడలేదండీ."

"ఆవిడ సంగతి సరే. ఈ అమ్మాయి ఏమైపోతుందో చూస్తున్నారా?"

మర్నాడే నాన్న తండాకి వెళ్ళాడు.

నాని వచ్చిన రోజు తొలకరి పడింది. మా వీధి మలుపు దగ్గర ముందు చప్పుడు వినిపించింది, కాళ్ళ కడియాల చప్పుడు. తర్వాత రంగు కనిపించింది. మోకాళ్ళ కిందికి తడిసిన ఎర్రటి ఫేటియా, తలమీద అద్దాల ఓణీ, భుజాల దాకా తెల్లటి గాజులు, చెంపల పక్కన ఊగుతున్న వెండి బిళ్ళలు, నెత్తిమీద ఒక పెద్ద మూట. ఆవిడకి పదడుగుల వెనక నాన్న తడుస్తూ వస్తున్నాడు. వీధిలో కిటికీలన్నీ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నేను గబగబా లోపలికి పోయి పుస్తకం తీశాను.

నాని మూట దించి నేరుగా వెనకగదిలోకి వెళ్ళింది. అమ్మ తలదగ్గర కూచుని, జుట్టు చిక్కులు వేళ్ళతో విడదీయడం మొదలుపెట్టింది. ఆవిడ ఒంటినుంచి పొగాకూ కట్టెల పొగా మేకల వాసనా కలిసి వస్తున్నాయి. నేను గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకోవాలనుకున్నాను, కానీ ఆ వాసన నాకు తెలిసినదే. ఆరేళ్ళు దానిలోనే పడుకున్నాను.

చివరికి నాని మా భాషలో అడిగింది. అప్పుడు వాళ్ళు మాట్లాడుకున్నవన్నీ నేను తెలుగులోనే రాస్తున్నాను.

"నీ పెళ్ళి ఫేటియా ఏదే? తడిసిపోయాను, కట్టుకుంటాను."

అమ్మా నాన్నా ఇద్దరూ మాట్లాడకపోయేసరికి నేను వంటింట్లోకి వెళ్ళి స్టీలు బేసిను తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఎందుకు అలా చేశానో తెలియదు. పిల్లలకి నిజం చెప్పాలనిపించినప్పుడు అలాంటి పనులే చేస్తారేమో.

నాని బేసిను వంక చూసింది. వేలితో దాని అంచు కొట్టి చూసింది. టంగుమని మోగింది.

"మంచి స్టీలే," అంది. లేచి అందులో బియ్యం కడిగింది. ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

మర్నాటి నుంచి మా ఇంట్లో జొన్నరొట్టెలు మొదలయ్యాయి. నాని పీట వాడేది కాదు. పిండిముద్దని రెండు అరచేతుల మధ్య తడుతూ తిప్పేది. గాజులన్నీ మోగేవి. ఆ చప్పుడు గోడలు దాటి వెళ్ళేది. సిస్టర్ గారు వచ్చి, "ఏంటండీ ఆ చప్పుడు, డప్పులా?" అని అడిగారు. నాని ఒక రొట్టె పెనం మీంచి తీసి, దానిమీద వెల్లుల్లీ పచ్చిమిరపకాయా నూరిన కారం రాసి ఆవిడ చేతిలో పెట్టింది. సిస్టర్ గారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ మొత్తం తిని, ఇంకోటి అడిగారు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. ఆ సగంతోనే గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు.

రొట్టెల పని అయ్యాక నాని మూట విప్పేది. అందులో ఎర్రటి నూలు గుడ్డలు, దారపు ఉండలు, గవ్వల సంచి, చిన్న రేకుడబ్బాలో అద్దాలు. వెనకగదిలో అమ్మ పక్కనే చాప పరుచుకునేది. సూదీ దారం తీసి అమ్మ ముఖం ముందు పెట్టేది.

"దారం ఎక్కించవే. నాకు కనపడటం లేదు."

మొదటి రోజు అమ్మ చెయ్యి కదపలేదు. నాని చెయ్యి కూడా వెనక్కి తీసుకోలేదు. ఎంతసేపు అలా పట్టుకుందో, నేను బడికి పోయి మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి సూదిలో దారం ఉంది, నాని కుడుతోంది. అమ్మ మళ్ళీ గోడవైపు తిరిగి ఉంది.

రెండో రోజు నేను ఎక్కిస్తానని ముందుకు వెళ్ళాను. నాని నా చేతిమీద ఒక్కటి వేసింది.

"నిన్నడిగానా? నువ్వు పోయి చదువుకో."

అలా రోజూ నడిచింది. దారం అయిపోయినప్పుడల్లా సూది అమ్మ ముందుకు వెళ్ళేది. అమ్మ పడుకునే ఎక్కించి ఇచ్చేది. తర్వాత తర్వాత మోచేతిమీద లేచి ఎక్కించేది. నాని దారం పొట్టిగా తుంచుకునేది. పొడుగ్గా తీసుకుంటే మాటిమాటికీ అడగక్కర్లేదు కదా అని నాకు చిరాకు వేసేది.

కుడుతున్నంతసేపూ నాని కబుర్లు చెప్పేది. అమ్మకని కాదు, నాకని కాదు, గుడ్డకి చెప్తున్నట్టు చెప్పేది. తండాలో ఏ మేక ఈనింది, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, మా తాతకి పళ్ళూడి రొట్టె నానబెట్టుకుని తింటున్నాడు. వాళ్ళ ముత్తాతల కాలంలో ఎద్దుల మీద ఉప్పు వేసుకుని సముద్రం ఒడ్డునుంచి కొండల దాకా నడిచేవాళ్ళట. మచిలీపట్నం ఉప్పు ఎక్కడిదాకా పోయిందో చెప్తుంటే, సోషల్ పుస్తకంలో ఆ సంగతి ఎందుకు లేదా అనుకున్నాను. నడిచేవాళ్ళకి ఇల్లుండదు కాబట్టి ఆడవాళ్ళు ఉన్నదంతా బట్టలమీదే కుట్టుకునేవాళ్ళని చెప్పింది.

ఆ రోజుల్లోనే నేను రేకుడబ్బాలోంచి అద్దాలు దొంగిలించడం మొదలుపెట్టాను. బడిలో వాటికి గిరాకీ ఉండేది. ఒక అద్దానికి రెండు జామకాయలు, పెద్దదైతే ఒక మొక్కజొన్న కండె. క్లాసు జరుగుతుంటే ఎండని అద్దంలో పట్టి లెక్కల మాస్టారి బట్టతల మీద వేసేవాళ్ళం. పట్టుబడ్డాక ఆయన అందరి దగ్గరా అద్దాలు లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు. మా ఇంట్లో డబ్బా ఖాళీ అయింది.

నాని డబ్బా తిరగేసి చూసింది. నా వంక చూసింది.

"జామకాయలు తియ్యగా ఉన్నాయా?"

నేను తలూపాను.

"అయితే పద. బెజవాడ పోయి అద్దాలు తెద్దాం."

నాకు పెద్ద చిక్కు అప్పుడే వచ్చింది. బస్సెక్కితే ఆవిడ పక్కన కూచోవాలి. నేను ముందు ఎక్కి, ఆడవాళ్ళ సీట్లలో ఒక ఖాళీ చూసుకుని కూచున్నాను. కూచున్నాక చూస్తే పక్కన మా క్లాసు అమ్మాయి, వాళ్ళమ్మగారు. నాని రెండు వరసల వెనక కడియాలు మోగించుకుంటూ కూచుంది. బస్సులో అందరూ తిరిగి చూశారు.

కండక్టరు వస్తే నాని, "ఒక ఫుల్లు, ఒక అర," అంది.

"అర ఎవరికి?"

నాని గడ్డంతో నన్ను చూపించింది. మా క్లాసు అమ్మాయి వాళ్ళమ్మగారు నా వైపు వంగి మెల్లిగా అడిగారు.

"ఆవిడెవరమ్మా, మీకేమవుతుంది?"

"మా ఇంట్లో పని చేస్తుందండీ," అన్నాను.

బస్సు చప్పుడులో వెనక్కి వినపడి ఉండదనుకున్నాను. గొల్లపూడి దాటేదాకా వెనక్కి తిరగలేదు.

వన్‌టౌన్‌లో దిగాం. దిగగానే నాని నా చేతిలో సంచి తీసుకుని, తనకొచ్చిన తెలుగులో అంది.

"ఇటివ్వండి అమ్మాయిగారూ. మీరెందుకు మొయ్యటం?"

నేను నడిచాను. ఆవిడ నాకు సరిగ్గా రెండడుగుల వెనక, సంచి చంకలో పెట్టుకుని, తల వంచుకుని నడిచింది. నేను ఆగితే ఆగింది. నేను పక్కకి తప్పుకుంటే తనూ పక్కకి తప్పుకుంది. జరీలూ లేసులూ అమ్మే సందు దాకా అలాగే వచ్చాం.

కొట్లో ఒక ముసలి సాయిబుగారు ఉన్నారు. తెల్లగడ్డం, ముక్కుమీదికి జారిన కళ్ళజోడు. ఆయన నానిని ఎరుగున్నట్టే ఉన్నారు, డబ్బాలు తీసి ముందు పెట్టారు. నాని వాటిని ముట్టుకోలేదు.

"అమ్మాయిగారు చెప్పాలి. ఈ అద్దాలు బాగున్నాయా అండీ? ఈ దారం రంగు మీకు నచ్చిందా అండీ?"

ఆవిడ జన్మలో ఎవరినీ అండీ అన్న మనిషి కాదు. సాయిబుగారు కళ్ళజోడు పైకి తోసుకుని ఆవిడని చూశారు, నన్ను చూశారు. కొట్లో ఉన్న ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ చూశారు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకుందామనుకుంటే ఇంకా గట్టిగా వచ్చింది.

"నానీ, ఇంక చాలు నానీ," అని మా భాషలో అరిచాను. ఐదేళ్ళుగా నా నోట్లోంచి రాని మాటలు అంత గట్టిగా ఎలా వచ్చాయో తెలియదు.

"ఏంటి సాయిబూ, ఈ పిల్లకి మా మాట కూడా వచ్చే!" అంది నాని. తర్వాత ఓణీ కొంగుతో నా ముక్కు చీదించి, కూచోబెట్టి, అద్దాలు బేరం మొదలుపెట్టింది. సాయిబుగారు నాకు ఒక సోడా తెప్పించారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ పక్కనే కూచున్నాను. ఆవిడ గాజులమీద తల పెట్టి నిద్రపోయాను. చెంపమీద గుండ్రటి ముద్రలు పడ్డాయి. మేం బస్సు విషయం నాన్నకి చెప్పలేదు.

అద్దాలొచ్చిన రెండు రోజులకనుకుంటాను, నాని మధ్యగదిలో స్టూలు వేసుకుని ఎక్కి ఉయ్యాల విప్పింది. అప్పటిదాకా ఎవరం ముట్టుకోనిది. మడతపెట్టి వెనకగదిలోకి తెచ్చి చాపమీద పరిచింది. తమ్ముడి పాల వాసన అందులో ఇంకా ఉందో లేదో నాకు తెలియదు. దగ్గరికి వెళ్ళలేదు.

"ఈ ఎర్రగుడ్డ పలచగా ఉంది, కింద ఇంకో పొర పడాలి," అంటూ నాని కత్తెర తీసింది.

అమ్మ లేచి కూచుంది.

"కొయ్యొద్దు."

మూడు నెలల తర్వాత మాట్లాడిన గొంతు కదా, తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు వచ్చింది. నాని కత్తెర పక్కన పెట్టింది.

"సరే, కొయ్యను. ఏం చేద్దామో నువ్వే చెప్పు."

అమ్మ ఆ చీరని దగ్గరికి లాక్కుంది. ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలా కూచుంది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టింది, చివర్లు సరిచేసింది, మీద ఎర్రగుడ్డ పరిచింది. ఒక్క కత్తెర పోటు లేకుండా చీర మొత్తం లోపల ఇమిడింది. అప్పుడు సూది అడిగింది. మొదటి వరస కుడుతుండగా ఏడుపు మొదలైంది. కుట్టు ఆపలేదు, ఏడుపూ ఆపలేదు. నాని ఏమీ అనకుండా అవతలి చివర నుంచి తన వరస మొదలుపెట్టింది. నాకు భయమేసి సిస్టర్ గారిని పిలుచుకొచ్చాను. ఆవిడ గుమ్మంలోంచి చూసి, "ఏం ఫర్వాలేదు నాన్నా, ఏడవనీ," అని నన్ను వాళ్ళింటికి తీసుకుపోయారు.

ఆ వానాకాలమంతా వాళ్ళు కుట్టారు. బయట వాన, దూరంగా బొగ్గు వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు, షిఫ్టు సైరను, లోపల సూది గుడ్డలోంచి దిగే చిన్న చప్పుడు. అమ్మ మొదట కుట్టు గురించే మాట్లాడేది. ఇక్కడ పసుపు పెట్టు, అక్కడ వరస వంకర పోయింది. తర్వాత ఉప్పెక్కువైందనీ గుడ్డలు ఆరలేదనీ మాట్లాడింది. ఒకరోజు తల దువ్వుకుంది. ఆ రోజు ఎవరం ఏమీ అనలేదు కానీ నాన్న రెండుసార్లు ఏదో వంకన వెనకగదిలోకి వచ్చి చూసి వెళ్ళాడు.

నాకూ సూది ఇచ్చారు. నాని పైవైపు చూసేది కాదు. నేను కుట్టింది తీసుకుని వెంటనే తిరగేసేది. వెనక ముడి కనిపిస్తే పళ్ళతో కొరికి మొత్తం విప్పేసేది.

"ముందరివైపు ఊరికి, వెనకవైపు నీకు," అనేది. "నీ ఒంటికి తగిలేది వెనకవైపే కదే, గరుకుగా ఉంటే నీకే గుచ్చుకుంటుంది."

వేళ్ళన్నీ పోట్లు పడ్డాయి. గొలుసుకుట్టు వచ్చింది, అద్దం చుట్టూ దారం అల్లి బిగించడం వచ్చింది. సిస్టర్ గారు కూడా వచ్చి కూచునేవారు. ఆవిడకి క్రోషియా అల్లిక వచ్చు. నాని దాన్ని చూసి, "ఇదంతా కన్నాలేగా," అంది. ఆవిడ నవ్వి నవ్వి కన్నీళ్ళు తుడుచుకున్నారు. అప్పుడే ఒకరోజు, తనకీ ఒక బిడ్డ పుట్టి పోయిందని ఆవిడ చెప్పారు. ఐదేళ్ళు పక్కింట్లో ఉన్నాం, అప్పటిదాకా మాకు తెలియదు. అమ్మ లేచి వెళ్ళి ఆవిడకి జొన్నరొట్టె తెచ్చి పెట్టింది.

నాన్న సంగతి చెప్పాలి. ఇంట్లో మా భాష వినిపిస్తోందని ఆయనకి తెలుసు. షిఫ్టు నుంచి వచ్చేటప్పుడు వీధిలోకే వినపడేది. ఏమీ అనేవాడు కాదు, కానీ జవాబు మాత్రం తెలుగులోనే ఇచ్చేవాడు. ఒక సాయంత్రం ఆయన తడిసి వచ్చాడు. అమ్మ తలెత్తకుండా కుడుతూనే, తిన్నావా అని మా భాషలో అడిగింది. తమ్ముడు పోయాక అమ్మ ఆయన్ని అడిగిన మొదటి మాట అది. నాన్న గుమ్మంలో నీళ్ళు కారుతూ నిలబడ్డాడు. లేదు, ఆకలేస్తోంది అని మా భాషలోనే అన్నాడు. అని, ఎవరైనా విన్నారేమోనన్నట్టు ఒకసారి వీధివైపు చూసి, మళ్ళీ లోపలికి చూసి, చెప్పులు విప్పాడు. ఆ రోజు నుంచి ఆ నియమం పోయింది. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు, మానేశాం అంతే.

దసరా ముందు నాని వెళ్ళిపోయింది. వేరుశనగ పీకే రోజులు, తాత ఒక్కడే చేసుకోలేడు. గుడ్డ అప్పటికి పూర్తి కాలేదు, ఒక మూల ఖాళీగా ఉంది. ఉండి పూర్తి చేసి వెళ్ళమని నేను ఏడ్చాను. "మీరిద్దరున్నారుగా," అంది. ఆ మూల అమ్మ సగం, నేను సగం కుట్టాం. నా సగం వెనకవైపు అంత బాగా రాలేదు. అమ్మ విప్పమనలేదు.

రెండేళ్ళకి చెల్లెలు పుట్టింది. అమ్మ ఆ గుడ్డని తీసి చెల్లెలికి పక్కబట్టగా పరిచింది. నాకు మనసొప్పలేదు, దాచుకోవాలి కదా అన్నాను. "దేనికి?" అంది అమ్మ. చెల్లెలు దానిమీద పొర్లింది, పాలు కక్కింది, గవ్వలు చప్పరించింది. ఉతికి ఉతికి ఎరుపు పోయి ఇటుకరంగుకి వచ్చింది. చెల్లెలు బడికి వెళ్ళేనాటికి అది చిరుగులు పట్టింది. ఇప్పుడు దాని ముక్క కూడా లేదు. అమ్మ తర్వాత చాలా కుట్టింది, తన కోసం ఒక ఫేటియా కూడా. మా పెళ్ళిళ్ళకి మాత్రం పట్టుచీరే కట్టుకుంది. ఎందుకని ఎవరం అడగలేదు.

నేను ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అంటూ ఆ కుట్టు మానేశాను. మా ఆయన చనిపోయిన ఏడు మళ్ళీ పట్టుకున్నాను. పగలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాత దిండుగలేబు మీద గొలుసుకుట్టు వేసేదాన్ని. నిండిపోతే విప్పేసి మళ్ళీ కుట్టేదాన్ని. పిల్లలు వచ్చే వేళకి బీరువాలో పెట్టేసేదాన్ని.

అమ్మ చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం బాల్కనీలో కూచుని ఉంటే అడిగాను.

"అమ్మా, నాని మన క్వార్టర్స్‌కి వచ్చిన వానాకాలం నీకు గుర్తుందా?"

"పెద్దగా లేదే. వానలు పడ్డాయా ఆ ఏడు?"

"రోజూ పడేది."

"ఏమో. మీ నాని పొద్దున్నే సూది పట్టుకుని వచ్చేది. అదొక్కటే గుర్తు. అప్పుడు నాకు బతకాలని ఉండేది కాదు. రోజూ పడుకునేముందు అనుకునేదాన్ని, ఇంక చాలని. మళ్ళీ అనిపించేది, రేపు పొద్దున ఈవిడకి దారం ఎవరెక్కిస్తారు? కళ్ళు కనపడవాయె. పోనీ రేపొక్కరోజు ఎక్కిద్దాంలే అనుకునేదాన్ని. అలా ఎన్నాళ్ళో."

అంతే చెప్పింది. టీ పెట్టమంది. నేను లేచి పెట్టాను.

నేను అమ్మకి ఒక సంగతి చెప్పలేదు. చెప్పినా అప్పటికి ఏం ఉపయోగం లేదు. కాలేజీ సెలవుల్లో తండాకి వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. పోయేదాకా నాని కళ్ళజోడు పెట్టుకోలేదు. సాయంత్రం వెలుగు తగ్గాక గుడిసె గుమ్మంలో కూచుని, కబుర్లు చెప్తూ, దారం కొస నోట్లో తడిపి, సూది వంక సరిగ్గా చూడను కూడా చూడకుండా ఒక్క విసురుకి తనే ఎక్కించుకునేది.